సీ ఫారం: మా గూడెం అడవి మీద హక్కు కోసం మా గ్రామసభ నడిచిన దారి

2023 జూన్ చివర్లో తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం పోడు పట్టాలు, అంటే అడవి భూమిలో సాగు చేసుకుంటున్న వాళ్లకు హక్కు కాగితాలు పంచినప్పుడు మా గూడెంలోనూ చాలా ఇళ్లకు కాగితాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 1.5 లక్షల మందికి, 4 లక్షల ఎకరాలకు పైగా భూమి మీద హక్కు దక్కిన ఆ పంపిణీని నేను తక్కువ చేసి మాట్లాడను. ప్రతి వానాకాలం ముందు చేను దున్నుతామో లేదో, దున్నితే కేసు అవుతుందో ఏమోనని భయపడుతూ బతికిన మా పెద్దవాళ్లకు ఆ కాగితం విలువ ఏమిటో దగ్గరుండి చూశాను. అయితే ఆ పట్టాలకు ఆధారమైన 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టంలోనే, దున్నుకునే చెలకకు అవతల ఉన్న అడవి మీద ఊరంతటికీ ఉమ్మడిగా ఉండే హక్కు ఒకటి రాసి ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని సంరక్షించే, పెంచే, నిర్వహించే అధికారం ఆ ఊరిదేనని మూడో సెక్షన్ చెబుతుంది. దీన్నే సామూహిక అటవీ వనరుల హక్కు అంటారు. ఆఫీసుల్లో సీఎఫ్ఆర్ అంటారు. దీనికి దరఖాస్తు చేయవలసింది సీ ఫారంలో. పోడు దరఖాస్తుల కాలంలో మా దగ్గర ఆ ఫారం ఎవరికీ ఇవ్వలేదు, దాని గురించి ఎవరూ చెప్పనూ లేదు.

మాది పాత వరంగల్ జిల్లా ఏజెన్సీలో, గోదావరి వైపు పారే వాగుల మధ్య ఉన్న కోయగూడెం. ఇళ్లు వందకు లోపే. హనుమకొండలో డిగ్రీ చదువుకుని, తిరిగి వచ్చి వ్యవసాయం చేసుకుంటున్న నన్ను గ్రామసభ అటవీ హక్కుల కమిటీకి కార్యదర్శిగా ఎన్నుకోవడంతో కాగితాల పని ఎక్కువగా నా చేతుల మీదుగా నడిచింది. చుట్టుపక్కల గూడేల వాళ్లు మీరేం చేశారని తరచూ అడుగుతున్నారు కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందుగా, పట్టాలు వచ్చాక కూడా మాకు ఈ హక్కు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. పోడు పట్టాకు చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి 4 హెక్టార్లు, అంటే పదెకరాల లోపు. మా బతుకు ఆ పదెకరాల గట్టు దగ్గర ఆగిపోయేది కాదు. ఎండలు ముదిరే ముందు ఇప్పపువ్వు, ఆ తరువాత తునికాకు, తపసి జిగురు, తేనె, కరక్కాయ, వానలు పడ్డాక పుట్టగొడుగులు, అడవి గడ్డలు, ఇంటి కప్పుకూ దడికీ వెదురు, పశువులకు మేత, వాగుల్లో చేపలు, చివరికి మా వేల్పులు కొలువున్న చోట్లు, మా వాళ్లను పూడ్చిన చోట్లు అన్నీ పట్టా హద్దుకు బయటే ఉన్నాయి. అక్కడ ఏ మొక్క నాటాలో, ఏ చెట్టు కొట్టాలో, ఎక్కడ కంచె వేయాలో నిర్ణయించేటప్పుడు ఊరిని అడిగే ఆనవాయితీ మాకు తెలిసినంతలో లేదు. ఒక ఏడాది ఊరి మేత భూమిలో టేకు నాటడానికి గుంటలు తీశారు. ఆ సంగతి పశువులను తోలుకు వెళ్లిన పిల్లలు చెబితేనే మాకు తెలిసింది. పట్టా చేతిలో ఉన్న ఆనందంలో ఈ ప్రశ్న వెనక్కి పోకూడదని మా పెద్దలలో ముగ్గురు నలుగురు గట్టిగా పట్టుబట్టారు. ఈ పని వాళ్ల పట్టుదలతోనే మొదలైంది.

మరో కారణం కూడా ఉంది. 1990ల నుంచి మా వైపు వన సంరక్షణ సమితులు ఉన్నాయి. వాటిలో కూలి దొరికింది, కొన్ని చోట్ల అడవీ పెరిగింది. కానీ సమితికి ప్రాణం పోసేదీ, తీసేదీ అటవీ శాఖే. అటవీ హక్కుల చట్టం అమలైన తొలి రోజుల్లో ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక హక్కు పత్రాలను గ్రామసభల పేరున కాకుండా ఈ సమితుల పేరున ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. చట్టం హక్కుదారుగా చెప్పింది ఊరిని, అంటే వయసు వచ్చిన ప్రతి ఒక్కరూ సభ్యులుగా ఉండే గ్రామసభను. ఒక శాఖ కింద పనిచేసే సమితికీ, ఎవరి కిందా లేని గ్రామసభకూ ఉన్న తేడా మా ఊళ్లో అందరికీ అర్థమయ్యేదాకా మేము దరఖాస్తు మొదలుపెట్టలేదు. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖ అనే గోండు గ్రామం 2009లోనే దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద ఈ హక్కు పొంది, 2011లో తన వెదురును తానే అమ్ముకున్న సంగతి ఆ చర్చల్లో చాలాసార్లు వచ్చింది. మన నది అవతలి వాళ్లకు సాధ్యమైనది మనకెందుకు కాదు అన్న మాట ఊరిని కదిలించింది.

ఇక అసలు పని. మొదటి చిక్కు ఎవరూ ఊహించని చోట ఎదురైంది: గ్రామసభ అంటే ఏ గ్రామానిది? 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు 500 జనాభా దాటిన తండాలు, గూడేలు వేరే పంచాయతీలయ్యాయి. మా గూడెం ఆ లెక్కకు అందలేదు. ఇంకా మూడు నాలుగు ఊళ్లతో కలిసి ఒకే పంచాయతీలో ఉంది. 2008లో వేసిన అటవీ హక్కుల కమిటీ కూడా పంచాయతీ మొత్తానికి ఒకటే. అందులో కొందరు చనిపోయారు, కొందరికి తాము సభ్యులమన్న సంగతే తెలియదు. మా గూడేనికి వేరుగా గ్రామసభ పెట్టి కొత్త కమిటీ ఎన్నుకుంటామని పంచాయతీకి అర్జీ ఇస్తే, మీది పంచాయతీ కానప్పుడు గ్రామసభ ఎట్లా అవుతుందన్న జవాబు వచ్చింది.

ఈ విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చాలా గూడేలు ఇక్కడే వెనక్కి తిరిగిపోతున్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించే 1996 నాటి పెసా చట్టం, తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు తాను చూసుకునే ఒక సముదాయం ఉండే ఆవాసాన్ని గానీ, గూడేన్ని గానీ, కొన్ని గూడేల సముదాయాన్ని గానీ గ్రామంగా చెబుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల విషయంలో అటవీ హక్కుల చట్టం కూడా గ్రామానికి ఆ నిర్వచనాన్నే తీసుకుంది. గ్రామసభలను పంచాయతీ స్థాయిలో కాకుండా ఆవాసాల స్థాయిలో జరపాలని కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2012 జూలైలో రాష్ట్రాలకు రాసిన మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. అంటే పంచాయతీ సరిహద్దు పరిపాలన కోసం గీసినది. గ్రామసభ సరిహద్దు ఊరు తనను తాను ఊరుగా ఎట్లా నడుపుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మా గూడేనికి వేరే పటేలు ఉన్నాడు, వేల్పుల పూజ చేసే వడ్డె కూడా వేరే ఉన్నాడు, విత్తనాల పండుగ మా తేదీకి మేము చేసుకుంటాం, తగాదా వస్తే మా చావడిలో మేమే కూర్చుంటాం. ఇదంతా ఒక అర్జీగా రాసి, పెసా నిర్వచనాన్నీ మార్గదర్శకాలనూ జతచేసి పంచాయతీకీ, గిరిజనాభివృద్ధి సంస్థ అయిన ఐటీడీఏకూ, గ్రామసభలు పంపిన దావాలను పరిశీలించే సబ్‌డివిజన్ కమిటీ అధ్యక్షుడైన అధికారికీ ఒకేసారి ఇచ్చి, ప్రతి చోటా రసీదు తీసుకున్నాం. ఐటీడీఏలో మా అర్జీని ఓపికగా చదివిన ఒక ఉద్యోగి పంచాయతీకి రాయించిన ఉత్తరంతో దారి తెరుచుకుంది. పేరు చెప్పకుండానే ఆయనకు కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. ఆదిలాబాద్ వైపు మన వాళ్లు ఎప్పటినుంచో అనే మావ నాటే మావ రాజ్, మా ఊళ్లో మా రాజ్యం అన్న మాట చట్టం పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆ ఉత్తరంతో మా ఊరికి తెలిసింది.

గ్రామసభ కూర్చుని కమిటీని ఎన్నుకుంది. నిబంధనల ప్రకారం పది నుంచి పదిహేను మంది ఉండాలి. మూడింట రెండు వంతుల మంది షెడ్యూల్డ్ తెగల వాళ్లు, మూడో వంతు మహిళలు ఉండాలి. మేము మహిళలను సగానికి దగ్గరగా తీసుకున్నాం. అధ్యక్షులుగా ఒక పెద్దమ్మను ఎన్నుకున్నాం. ఆమెకు చదువు రాదు, కానీ ఆమె మాట దాటి ఊళ్లో ఎవరూ పోరు. గూడెంలో ఉన్న రెండు మూడు బీసీ కుటుంబాల పేర్లు కూడా సీ ఫారంలో గ్రామసభ సభ్యుల జాబితాలో చేర్చాం. వాళ్లు మాతోపాటు అదే అడవిలో బతుకుతున్న వాళ్లు, ఉమ్మడి హక్కులో వాళ్ల భాగం వాళ్లకు ఉండాలన్నది సభ నిర్ణయం.

సీ ఫారం చూడటానికి చిన్నది. ఊరి పేరు, సభ్యుల జాబితా, అడవి హద్దుల వివరం, తెలిస్తే కంపార్ట్‌మెంట్ నంబర్లు (అటవీ శాఖ అడవిని విభజించిన ముక్కల నంబర్లు), సరిహద్దు గ్రామాలు, ఆధారాలు, ఒక పటం. కంపార్ట్‌మెంట్ నంబర్లు తెలియాలంటే అటవీ శాఖ పటం కావాలి. అటవీ, రెవెన్యూ పటాలనూ ఓటర్ల జాబితానూ గ్రామసభకు సమకూర్చవలసిన బాధ్యత సబ్‌డివిజన్ కమిటీదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అయినా అడిగిన చోటల్లా ఇంకో చోట అడగమన్నారు. చివరికి ఒక చేత్తో ఆ నిబంధన చూపిస్తూ రాతపూర్వకంగా కోరాం, ఇంకో చేత్తో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. పటం నకలు వచ్చింది. దాని మీద మా వాగులకు వేరే పేర్లున్నాయి, మా పాత గూడెం ఉన్న చోట ఏ గుర్తూ లేదు.

ఆ పాత గూడెమే మా ఆధారాల్లో ముఖ్యమైనది. ఇప్పుడున్న చోటికి మా తాతల కాలంలో దిగి వచ్చారు. అంతకు ముందు గుట్ట వెనకాల ఉండేవాళ్లు. అక్కడ ఇళ్ల పునాదుల రాళ్లు, చింతచెట్లు, పూడ్చిన చోట నిలబెట్టిన రాళ్లు, వేల్పును నిలిపిన చోటు ఇప్పటికీ ఉన్నాయి. నిబంధనల్లో పదమూడోది ఆధారాల జాబితా చెబుతుంది. అందులో ప్రభుత్వ రికార్డులతో పాటు శ్మశానాలు, పవిత్ర స్థలాలు, పాత కట్టడాల ఆనవాళ్లు, గడ్డలూ పండ్లూ సేకరించే చోట్లు, మేత భూములు, చేపలు పట్టే చోట్లు, నీటి వనరులు, పెద్దల వాంగ్మూలం అన్నీ ఉన్నాయి. రెండు ఆధారాలుంటే చాలు. మేము అంతకు మించి పెట్టాం. మా గట్టు, అంటే మా గోత్రం, వేల్పు కథను పడిగె (వేల్పు బొమ్మల జెండా) ముందు చెప్పే డోలీ కథకుడు, పెద్దాయన ఒకరు, మా వంశం ఏ వాగు దాటి ఏ గుట్ట ఎక్కి ఇక్కడికి చేరిందో రాత్రంతా చెప్పాడు. అందులో వచ్చిన ప్రతి చోటు పేరునూ వరుసగా రాసుకుని ఆయన వేలిముద్రతో పెద్దల వాంగ్మూలంలో చేర్చాం. రాసుకుంటూ ఉంటే, నేను చిన్నప్పటి నుంచి జాతరలో వింటున్న పాటలో మా ఊరి హద్దులన్నీ ఉన్నాయని అర్థమై ఒళ్లు పులకరించింది.

హద్దు నడవడానికి మొదట మగవాళ్లే బయలుదేరారు. వాళ్లకు తెలిసిన హద్దు ఫారెస్టు గీత, కూపు రోడ్డు, పాత రాళ్లు. ఆ నడకతో వేసిన పటాన్ని సభలో చూపిస్తే, ఒక అవ్వ లేచి, “గడ్డలు తవ్వెటోళ్లం మేము, ఎండకాలం నీళ్ల చెలిమెలు ఎతికెటోళ్లం మేము, హద్దు మీరే చెప్తే ఎట్లయితది?” అని అడిగింది. ఆ మాటతో రెండో నడకకు ఆడవాళ్లు ముందు నడిచారు. పటం మారిపోయింది. ఎండాకాలంలో కూడా ఊట ఆగని చెలిమెలు, జిగురు చెట్లు ఎక్కువగా ఉన్న వాలు, కాన్పు తరువాత వాడే మందు చెట్లు దొరికే లోయ, ఇవేవీ మొదటి పటంలో లేవు. ఫోన్‌లో జీపీఎస్ నడపడం వచ్చిన పిల్లలు వెంట ఉండి, ఒక్కో చోటూ గుర్తు పెట్టి, ఊరు పిలుచుకునే పేరు రాశారు. ఈ చట్టం ప్రకారం ఎక్కడ హద్దు వేయబోయే ఊరికైనా నేను చెప్పేది, ఆ పనిని ఆడవాళ్లతోనే మొదలుపెట్టమని.

హద్దు నడిస్తే పక్క ఊరితో తకరారు రాకుండా ఉండదు. వాగు అవతలి వాలులో ఇప్పచెట్లు ఎక్కువ. అక్కడ మేమూ ఏరుకుంటాం, అవతలి గూడెం వాళ్లూ ఏరుకుంటారు. పటం మీద గీత పడగానే, ఇన్నాళ్లూ లేని ప్రశ్న లేచింది. రెండు ఊళ్ల దావాలు ఒకే చోట కలిస్తే రెండు కమిటీలూ ఉమ్మడిగా కూర్చుని, తేల్చింది రాతపూర్వకంగా తమ గ్రామసభలకు ఇవ్వాలని నిబంధన చెబుతుంది. ఆ ఊరు మాకు పిల్లనిచ్చిన, పిల్లను తెచ్చుకున్న ఊరు. వాళ్ల గట్టు వేరు, మా గట్టు వేరు కనుక బావలూ మామలూ అందరూ అక్కడే ఉన్నారు. అయినా మాటలు గట్టిగానే నడిచాయి. చివరికి ఆ వాలు రెండు ఊళ్లకూ ఉమ్మడి అని, పువ్వు రాలే కాలంలో ఒకరి చెట్టు కిందికి ఒకరు రాకుండా పాత ఆనవాయితీనే పాటించాలని, ఎవరూ చెట్టు నరకకూడదని రాసి రెండు వైపులా సంతకాలు చేశాం. ఆ కాగితం మా ఫైలులోనూ ఉంది, వాళ్ల ఫైలులోనూ ఉంది. మా చర్చ చూశాకే వాళ్లు కూడా సీ ఫారం పెట్టడానికి సిద్ధమయ్యారు.

ఇంతకన్నా కష్టమైన చర్చ గుత్తికోయల గురించి జరిగింది. మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ దళాలు నడిచిన కాలంలో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలు కొన్ని మా అడవిలో లోపలికి గుడిసెలు వేసుకున్నాయి. సాగు హక్కుకు చట్టం పెట్టిన గడువు 2005 డిసెంబరు 13. వాళ్లు ఆ తరువాత వచ్చిన వాళ్లు కనుక పోడు పట్టాలకు అర్హులు కారు. అడవి మాదని మేము రాసుకుంటే వాళ్లను ఖాళీ చేయించడానికి మా సంతకాన్నే వాడతారేమోనని కొందరు భయపడ్డారు. వాళ్లు కొత్తగా చెట్లు కొడుతున్నారు, హద్దు ఉండాల్సిందేనని ఇంకొందరు వాదించారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. సభ చేసిన తీర్మానం నాకు న్యాయంగా అనిపించింది: ఈ దరఖాస్తు ఎవరినీ వెళ్లగొట్టడానికి కాదు, వాళ్ల నీటికీ కట్టెకూ అడ్డు లేదు, కొత్తగా అడవి నరికితే మాత్రం మా వాళ్లకైనా వాళ్లకైనా ఒకటే కట్టుబాటు. వాళ్లలో పెద్దమనిషి ఒకాయన సభకు వచ్చి ఆ మాట ఒప్పుకున్నాడు. వాళ్ల హక్కుల ప్రశ్న దీంతో తీరిపోదు. అది రాష్ట్రం తేల్చవలసిన పెద్ద అన్యాయం.

క్షేత్ర పరిశీలన రోజుకు అటవీ, రెవెన్యూ శాఖలకు ముందుగా తెలియజేయాలి. అధికారులు వచ్చి, తమ హోదాతో, తేదీతో, అభిప్రాయంతో సంతకం చేయాలి. రాకపోతే తరువాత అభ్యంతరం చెప్పే అవకాశం వాళ్లకు ఇంకొక్కసారే. మళ్లీ పరిశీలన పెట్టినా రాకపోతే గ్రామసభ తేల్చిందే చివరి మాట. 2012లో చేసిన సవరణల్లో ఇది చాలా బలమైనది. మా ఉత్తరంలో ఈ సంగతి మర్యాదగా గుర్తు చేశాం. బీట్ ఆఫీసర్, ఆయన పైఅధికారి ఒకరు వచ్చారు. బీట్ ఆఫీసర్ చెట్లు తెలిసిన మనిషి. మా అవ్వలు చూపించిన మందు చెట్ల పేర్లు తానే రాసుకుని సరిచూశాడు. పైఅధికారి మాత్రం, ఈ అడవిలో కొంత భాగం అభయారణ్యం కనుక ఇక్కడ ఈ హక్కు వర్తించదని అన్నారు. చట్టంలో అటవీ భూమి నిర్వచనంలోనే అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా ఉన్నాయని చదివి వినిపించి, మీ అభ్యంతరం మీరు రాసి సంతకం చేయండని కోరాం. ఆయన రాశారు. అభ్యంతరం నోటితో చెప్పడం వేరు, రాసి ఇవ్వడం వేరు. రాసిన దానికి జవాబు ఇవ్వవచ్చు.

తీర్మానానికి కావలసిన కోరం గురించి కూడా చెప్పాలి. సభ్యులలో కనీసం సగం మంది ఉండాలి, హాజరైన వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. మిరప ఏరే రోజుల్లో మా దగ్గర సగం ఊరు కూలికి పోతుంది, తునికాకు కాలంలో తెల్లవారుజామునే అడవికి, సాయంత్రం ఆకు అమ్మే కల్లానికి. ఆఫీసు వేళలకు సభ పెడితే కోరం కుదరదు. పండుగకు అందరూ ఇంటికి వచ్చిన రోజున సభ పెట్టాం. దరఖాస్తును తెలుగులోనూ, పెద్దల కోసం కోయలోనూ చదివి వినిపించి, ఒక్కో హద్దు దగ్గర ఆగి, సమ్మతి అడిగి తీర్మానం రాశాం. సంతకాలూ వేలిముద్రలూ పూర్తయ్యేసరికి చాలా పొద్దుపోయింది. ఎవరూ లేచి వెళ్లలేదు. ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, 12 పల్లెసభలు వద్దని తీర్మానించాయి. ఆ సంగతి ఆ రాత్రి సభకు చెప్పాను. పల్లెసభ తీర్మానానికి అంత బరువుందని మా వాళ్లు మొదటిసారి విన్నారు.

ఫైలు సబ్‌డివిజన్ కమిటీకి చేరాక చాలా కాలం ఏ కబురూ లేదు. తరువాత ఒక్క వాక్యంతో తిరిగి వచ్చింది: ఆధారాలు సరిపోవు, ఉపగ్రహ చిత్రం జతచేయలేదు. పోడు దరఖాస్తుల్లో ఎంతోమంది పేదలు ఇలాంటి ఒక్క వాక్యంతోనే ఓడిపోయారు. కారణం తెలియకుండా తిరస్కరణకు గురైన వాళ్ల సంఖ్య దేశంలో ఎంత పెద్దదంటే, 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు అలాంటి వాళ్లను ఖాళీ చేయించమని చెప్పినప్పుడు లక్షల కుటుంబాలు వణికిపోయాయి. అదే నెల 28న కోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది కనుక ఊపిరి తీసుకోగలిగాం. అందుకే మేము ఆ ఒక్క వాక్యాన్ని వదిలిపెట్టలేదు. మళ్లీ గ్రామసభ పెట్టి జవాబు రాశాం. ఉపగ్రహ చిత్రం ఇతర ఆధారాలకు తోడుగా ఉండవచ్చు గానీ వాటికి బదులు కాదని, అది లేదన్న కారణంతో దావాను తోసిపుచ్చడానికి వీల్లేదని 2012 సవరణల ఆధారంగా చూపించాం. ఏ ఆధారం, ఏ హద్దు విషయంలో సరిపోలేదో విడివిడిగా రాతపూర్వకంగా చెప్పమని కోరాం. తీర్మానంలో లోపం కనిపిస్తే దాన్ని తిరస్కరించకుండా, కారణాలతో గ్రామసభకే పంపాలన్నది కూడా వాళ్ల నిబంధనే.

విచారణకు పిలిచినప్పుడు ఒక అధికారి, మీ చేతికి ఇస్తే అడవి మిగులుతుందా అని అడిగారు. ఆ ప్రశ్న మాకు కొత్త కాదు. మా అధ్యక్షురాలు లేచి, “సారూ, మీరు బదిలీ మీద పోతరు. మేము యాడికి పోతం?” అన్నది. ఆ గదిలో అంతకన్నా సూటిగా చెప్పగల వాదన మా ఫైలులో కూడా లేదు. చట్టం పీఠికలోనే, వలస పాలనలోనూ స్వతంత్ర భారతంలోనూ అడవుల్ని గుర్తించేటప్పుడు అక్కడి జనం హక్కుల్ని నమోదు చేయకపోవడం చారిత్రక అన్యాయమని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు తరువాత కూడా కాపాడగలమని నిరూపించుకోవలసిన భారం మా మీదే వేయడం నాకు బాధ కలిగించింది. మా గుట్ట మీద అడవి ఇప్పటికీ దట్టంగా ఉందంటే ఎండాకాలంలో చెట్ల కొమ్మలతో మంటలు ఆర్పింది మా ఊరి పిల్లలే.

సబ్‌డివిజన్ కమిటీ చివరికి మా దావాను జిల్లా కమిటీకి పంపింది, అయితే అభయారణ్యం వైపున్న భాగాన్ని తగ్గించి పంపింది. ఆ నిర్ణయం మీద 60 రోజుల లోపు జిల్లా కమిటీకి పిటిషన్ పెట్టుకోవచ్చు. గడువుకు ముందే పెట్టాం. పాత గూడెం, నిలబెట్టిన రాళ్లు, వేల్పు చోటు తగ్గించిన ఆ భాగంలోనే ఉన్నాయి కనుక, మిగతాది ఇస్తామంటే సరేనని ఊరుకోవడానికి మా సభ ఒప్పుకోలేదు. పిటిషన్‌లో మేము అడిగినవి: అటవీ శాఖ రాసిన అభ్యంతరానికి చట్టంలో ఆధారం ఏమిటో చెప్పాలి, తగ్గించిన హద్దులో మా సమక్షంలో మళ్లీ పరిశీలన జరపాలి, హక్కు పత్రం గ్రామసభ పేరునే ఇవ్వాలి, ఏ సమితి పేరున గానీ పంచాయతీ పేరున గానీ ఇవ్వకూడదు.

జిల్లా కమిటీ తీర్పు ఇంకా రాలేదు. అయినా గ్రామసభ అప్పుడే పని మొదలుపెట్టింది. అడవినీ వన్యప్రాణులనూ నీటి వనరులనూ కాపాడటానికి గ్రామసభ ఒక కమిటీ వేసుకోవచ్చని నిబంధన ఉంది, వేసుకున్నాం. వేసవికి ముందు గూడెం చుట్టూ, చెలిమెల చుట్టూ మంటలు పాకకుండా ఆపే గీతలు తీశాం. పువ్వు ఏరడానికి ఇప్పచెట్టు కింద ఆకులు కాల్చే అలవాటు మా వాళ్లలోనూ ఉంది; ఇకపై ఊడ్చి ఏరాలని తీర్మానం చేశాం, ఎక్కువ మంది పాటించారు. తునికాకు విషయంలో మా ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. తునికాకు, వెదురు కూడా చట్టం ప్రకారం చిన్నతరహా అటవీ ఫలసాయమే, వాటి మీద యాజమాన్యం మాదే. కానీ ఆకు అమ్మే యూనిట్ల వేలం గురించి మాకు తెలిసేది కల్లం మీదికి కాంట్రాక్టరు మనిషి వచ్చినప్పుడే. రాబోయే కాలానికి వేలం షరతులు ముందుగా గ్రామసభకు తెలపాలని, రేటు మీద మా మాట వినాలని ఒక ఉత్తరం పెట్టాం. దాని రసీదు కూడా ఫైలులో ఉంది.

పక్క గూడెం తమ సీ ఫారం ఈ మధ్యనే ఇచ్చింది. వాళ్ల ఫైలు తయారీకి మా పటాలూ ఉత్తరాల నకళ్లూ ఇచ్చాం, హద్దు నడకకు మా అవ్వలు కూడా వెళ్లారు. ఇంకో రెండు ఊళ్ల వాళ్లు, ముందుగా తమ గూడేనికి వేరుగా గ్రామసభ జరపాలని పంచాయతీకి అర్జీ రాసుకుంటున్నారు.